12,000 పౌండ్ల గారికి, తరుగు తీసిన లెక్కతో

12,000 పౌండ్ల గారికి,

నల్లగొండ నుంచి నమస్కారం. ఈ ఉత్తరం మా జీపు ముందు బిగించిన వించ్‌కు, అంటే బురదలో దిగబడ్డ బండిని తాడుతో గుంజే మిషనుకు కాదు, మీకే. దానికేం తెలుసు పాపం, ఒక మోటరు, నాలుగు గేర్లు, ఒక తాడు, బటన్ నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. అది ఎంత బరువు గుంజుతుందో చెప్పే అంకెగా దాని మీద ఎర్ర స్టిక్కర్‌లో బొద్దుగా కూర్చుని దర్జా ఒలకబోసేది మీరు. దాచుకోవడం ఎందుకు, నేను డబ్బులు పెట్టి కొన్నది కూడా మిమ్మల్నే. వించ్ మీ వెంట వచ్చింది.

కొనేముందు ఎనిమిది నెలలు వెతికాను. రాత్రి అన్నం తిని ఫోన్ పట్టుకుంటే పన్నెండు దాకా ఇదే పని. మా ఆవిడ చూసి చూసి ఒకరోజు, "పెళ్లికి ముందు నా ఫొటో ఒక్కటే చూసినవ్, గీ ఇనుప డబ్బాకు ఇన్ని ఫొటోలా" అన్నది. జవాబు లేదు. నిజానికి నేను చూసేది ఫొటోలు కాదు, అంకెలు. 8,000 చూశాను, చిన్నగా అనిపించింది. 9,500 చూశాను, ఫర్వాలేదనిపించింది. ఆ పక్కనే మీరున్నారు, తేడా ఆరు వేల రూపాయలు. పిల్లలకు స్కూలు యూనిఫాం కుట్టిస్తే రెండేళ్లకు సరిపడా వదులు పెట్టించే ఇంట్లో పుట్టినవాణ్ని, ఆరు వేలకు మిమ్మల్ని వదులుకుంటానా?

లెక్క తెలియక కాదు. బండి బరువు, ఎక్కిన మనుషులు, వేసుకున్న సామాను అన్నీ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు లాగే వించ్ ఉంటే చాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చెప్పే మాట. నా జీపు నిండా ఎక్కితే రెండు టన్నులు. ఒకటిన్నర రెట్లంటే మూడు టన్నులు, మీ భాషలో 6,600 పౌండ్లు. 1974లో వచ్చిన వార్న్ 8274 అని ఒక వించ్ ఉంది, ఈ కులంలో పెద్దమనిషి లాంటిది, దాని బలం 8,000 పౌండ్లే, దాంతోనే జనం అడవులూ ఎడారులూ దాటారు. నేను దాటాల్సింది హాలియా అవతల మా బావ పొలం గట్టు. అయినా మిమ్మల్నే తెచ్చుకున్నాను.

అడవంటే గుర్తొచ్చింది. మొదట్లో నా ఊహల్లో మీరు నల్లమలలో ఉండేవారు. వాగు, బండరాళ్లు, వాన, నేను రెయిన్‌కోటులో, మీరు గుంజుతూ. తీరా చూస్తే అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో నా జీపుకు రాసిపెట్టింది మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం పోయే తారు రోడ్డు, అదీ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసి ఉంటుంది. లోపల ఫర్హాబాద్ చూడాలంటే అటవీ శాఖ వాళ్ల సఫారీ బండెక్కి బుద్ధిగా కూర్చోవాలి. పులి బతకాలి కదా, న్యాయమే. కాకపోతే పులి ఉన్నచోటికి మిమ్మల్ని రానివ్వరు, రానిచ్చేచోట తుమ్మచెట్లు, బర్రెలు.

బిగించేటప్పుడు ఇంకో తంటా. మెకానిక్కు ముందు పెద్ద ఇనుప బుల్‌బారు పెట్టి దాని మధ్యలో కూర్చోబెడదామన్నాడు. ఆ బుల్‌బార్ల మీద చర్య తీసుకోండని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది, బండి రూపు ఇష్టమొచ్చినట్టు మార్చొద్దనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎటూ ఉండనే ఉంది, నాకెందుకు టెన్షన్ అని వద్దన్నాను. అసలు బంపరు వెనకాలే ఛాసిస్‌కు మందపాటి ప్లేటు వేసి దాచాం. తాడుతో కలిపి దాదాపు 40 కిలోలు, ముందు కమాన్ కట్టలు ఒక వేలెడు కిందికి దిగాయి. దాని గురించి నాకు బాధ లేదు. స్టిక్కర్ కనిపించదే అన్నదే బాధ. మెకానిక్కుతో స్టిక్కర్ పీకించి పక్కకు అతికించి, గ్రిల్ సందులోంచి మీ సున్నాలు రెండు కనిపించేట్టు చేసుకున్నాను. ఆయన నన్ను ఒక చూపు చూశాడు, కూలి మాత్రం తగ్గించలేదు.

తాడు దగ్గర నాలుగు రోజులు ఆగాను. ఉక్కు తీగ రాపిడికి ఓర్చుకుంటుంది, కానీ బరువు మీద తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది, పాతబడ్డాక పోగులు లేచి చేతుల్లో దిగుతాయి. సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత కసిగా కొట్టదు, కానీ దానికి ఎండ పడదు, పోగుల్లో మట్టి చేరితే లోపల్లోపల కోసుకుంటుంది. ఎండా ఎర్రమట్టీ తప్ప ఇంకేమీ కొరత లేకుండా దొరకని జిల్లాలో ఉండి సింథటిక్‌దే తీసుకున్నాను. రంగు బాగుంది.

ఇంతలో మా బావ ఫోన్ చేసి, "ఏం కొన్నవ్ బామ్మర్దీ, ఎంత గుంజుతది?" అన్నాడు. పన్నెండు వేల పౌండ్లు అన్నాను. అవతల నిశ్శబ్దం. పౌండ్లు మాకు కేకుల షాపులో తప్ప తగలవు కదా. గుణించి చెప్పాను, 54 క్వింటాళ్లు. "అంటే నలభై కిలోల బస్తాలు నూట ముప్పై దాటి. ఒక డీసీఎం లోడు!" అన్నాడు. ఆ గొంతులో గౌరవం విని నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. ఆ తర్వాత నేల మీద కాదు, బురదలోనే నడిచాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

జనవరిలో, యాసంగి నాట్లప్పుడు బావ పొలానికి పోయాం. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి చుట్టూ మళ్లన్నీ కరిగట చేసి ఉన్నాయి. గట్టు మీద దారి ట్రాక్టరుకే బొటాబొటీ. ఎదురుగా నాటు వేసే ఆడవాళ్లు వస్తుంటే మర్యాదగా పక్కకు తీసి దారి ఇద్దామనుకున్నాను. గట్టు జారింది. ఎడమ చక్రాలు రెండూ మడిలోకి దిగాయి, తర్వాత జీపు మొత్తం తొందరేం లేకుండా, బర్రె కుంటలో పడుకున్నట్టు పడుకుంది. మడ్‌గార్డుల దాకా. "సారు జీపుతోని నాటేస్తున్నడు" అన్నదొకామె. మిగతావాళ్లు నవ్వాపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

మీతో అబద్ధం ఎందుకు, నాకు లోపల సంతోషమేసింది. ఎనిమిది నెలలు ఎదురుచూసిన రోజు కదా.

ఇరవై అడుగుల్లో గట్టు మీద ఒక తాటిచెట్టు. దాని మొదలుకు కిందికంటా బెల్టు చుట్టి, షాకిల్ అనే ఇనుప కొలికి వేసి, కొక్కెం తగిలించాను. ఇంజన్ ఆన్‌లోనే ఉంచాను, ఉంచాల్సిందే, ఎందుకంటే పూర్తి బరువు పడితే ఈ మోటరు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. 12 వోల్టులతో గుణిస్తే 4,800 వాట్లు. బావ బోరుకున్న 5 హెచ్‌పీ మోటరు తినేది కూడా ఇంచుమించు ఇంతే, కాకపోతే దానికి స్తంభం మీంచి మూడు తీగలొస్తాయి, మీకున్నది బానెట్ కింద ఒక బ్యాటరీ. అందరినీ దూరం జరగమని, సినిమాలో బాంబు పేల్చేవాడిలా రిమోట్ పైకెత్తి నొక్కాను.

తాడు బిగుసుకుంది. జీపు ఒకసారి తల ఊపింది. బురద చప్ అన్నది. ఆ తర్వాత డాష్‌బోర్డు లైట్లు మసకబారి, మోటరు జ్వరం వచ్చినవాడిలా మూలిగి, ఆగిపోయింది. ఒక నిమిషం చల్లారనిచ్చి మళ్లీ నొక్కాను. మళ్లీ మూలుగు. జీపు కదల్లేదు గానీ మా బావ ముఖంలో 54 క్వింటాళ్ల గౌరవం మాత్రం బస్తా తర్వాత బస్తా దిగిపోవడం కళ్లారా చూశాను.

అప్పుడొచ్చాడు కల్లుగీసే తాత, భుజాన మోకు, నడుముకు కత్తుల పొది. జీపును చూడలేదు, మమ్మల్ని చూడలేదు, చెట్టును చూశాడు.

"ఓ బిడ్డా, ఆపు. అది కల్లు పారే చెట్టు. నా లొట్లు పైనున్నయ్."

బెల్టు వెడల్పుది తాతా, చెట్టుకేం కాదు అన్నాను. తాత వినిపించుకోకుండా వదులు చేసిన తాడు దగ్గర కూర్చున్నాడు. బొటనవేలితో దాన్ని ఒక మూరెడు దూరం నిమిరాడు, ఒకచోట ఆగి పోగులు విడదీసి చూశాడు, మడిచి చూశాడు. రోజూ ఎక్కేముందు తన మోకును చూసుకునే చూపు అది. "నున్నగుంది. ఎండకు ఆగుతదా?" అన్నాడు. నాలుగు రోజులు నేను చదివి తెలుసుకున్నది ఆయన బొటనవేలు పది సెకన్లలో పట్టేసింది.

"నా చెట్టిడిచి అగో, ఆ కొసకున్న దానికి కట్టుకో. ఈయేడు దాన్ని గీస్తలేను" అని ఎక్కడో గట్టు చివర, డెబ్బై అడుగులకు పైగా దూరంలో ఉన్న చెట్టు చూపించాడు. ఇరవై అడుగుల్లో రానిది అంత దూరం నుంచి వస్తుందా అని నవ్వొచ్చింది, కానీ లొట్ల ముందు నా వాదన ఎక్కడ నిలుస్తుంది. వించ్ క్లచ్ వదిలి తాడు మొత్తం లాక్కుంటూ బురదలో నడిచాను. డ్రమ్ము మీద పదిహేను చుట్లు మిగిలాయి. తాడు మధ్యలో ఒక గోనెసంచిలో మట్టి నింపి వేశాను, తెగితే ఎగరకుండా. రిమోట్ ఈసారి పైకెత్తలేదు.

వచ్చింది. మొదట ముక్కు లేచింది, తర్వాత ఒక్కో అంగుళం, బురద లోపలి నుంచి పెద్ద గుటక మింగినట్టు చప్పుడు చేసి వదిలేసింది. అయిదారు నిమిషాల్లో గట్టెక్కాను. ఆడవాళ్లు అప్పటికే సగం మడి నాటేశారు.

"గదే మిషను, గదే తాడు. ఇందాక ఎందుకు గుంజలే?" అన్నాడు బావ. గట్టు మీద కూర్చుని, బురద చేతులతో, మీ పుస్తకం మొదటిసారి తెరిచాను. చివరి నుంచి రెండో పేజీ, చీమ తలకాయంత అక్షరాలు. డ్రమ్ము మీద తాడు మొదటి వరసలో ఉంటే 12,000. రెండో వరసలో 9,800. మూడో వరసలో 8,300. నాలుగో వరసలో 7,200. తాడు వరస మీద వరస పేరుకుంటే డ్రమ్ము లావెక్కుతుంది, మోటరు తిప్పే బలం మాత్రం అంతే, కాబట్టి లాగుడు తగ్గుతుంది. దగ్గర చెట్టుకు కట్టినప్పుడు తాడు ముప్పావు వంతు డ్రమ్ము మీదే ఉంది. అంటే అప్పుడు నా దగ్గరున్నది మీరు కాదు, మీ ముసలి తమ్ముడెవరో, 32 క్వింటాళ్లవాడు. మడ్‌గార్డుల దాకా దిగబడ్డ బండిని తీయాలంటే దాని బరువుకు రెట్టింపు లాగాలంటారు, నా జీపుకు 40 క్వింటాళ్లు. చక్రాల వరకే దిగితే బండి బరువంత చాలు. తాత తన కల్లు కాపాడుకోవడానికి నన్ను వెళ్లగొట్టబట్టి మీరు బయటికొచ్చారు, లేకపోతే ఆ రోజు రాత్రి జీపు అక్కడే.

బావ ఆ పేజీ రెండుసార్లు చదివించుకుని, "అంటే దీనికీ తరుగు తీస్తరన్నమాట" అన్నాడు.

అయ్యా, ఈ మాట మీకు అర్థం కాకపోవచ్చు, చెప్తాను. మా దగ్గర వడ్లు అమ్మడానికి తీసుకుపోతే తేమ 17 శాతం దాటిందా అని మిషను పెట్టి చూస్తారు. ఆ తర్వాత తాలని, మట్టని, సంచి బరువని, బస్తాకు ఇంత అని కోస్తారు. దాన్ని తరుగు అంటారు. రైతు కల్లంలో చూసుకున్న బరువు ఒకటి, చీటీ మీద పడే బరువు ఒకటి. మా బావ దాని గురించి ముప్పై ఏళ్లుగా కొట్లాడుతున్నాడు. అయినా ఆయనంటాడు, "వాళ్లు నయం, కాంటా మీదున్నప్పుడే చెప్తరు. నీ మిషనోడు బురదల దిగినంక చెప్తున్నడు."

మీ స్టిక్కర్ తప్పు చెప్పిందని నేను అనను. 12,000 నిజమే, తాడు దాదాపు పూర్తిగా వదిలినప్పుడు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, కేబుళ్లు లావుగా ఉన్నప్పుడు, అవతల ఆ బరువుకు ఊడిరాని చెట్టు ఉన్నప్పుడు నిజం. ఆ చివరి షరతు మరీ పెద్దది. నాట్ల మళ్ల మధ్య చెట్టు దొరకడమే గగనం, దొరికింది పారే చెట్టయితే అయిపోయె.

ఇంకొకటి మీరు చెప్పాల్సింది. మీకోసం పెట్టిన ఆ అదనపు ఆరు వేలలో ఒక స్నాచ్ బ్లాక్ వచ్చేది. మన భాషలో గిరక, బావి మీద ఉంటుందే, అదే, కాస్త బలమైనది. తాడును చెట్టుకు కట్టిన గిరకలోంచి తిప్పి మళ్లీ జీపు కొక్కేనికే తగిలిస్తే లాగే బలం ఇంచుమించు రెట్టింపు, వేగం సగం, పైగా రెండింతల తాడు బయటికి పోతుంది కాబట్టి తరుగు కూడా తగ్గుతుంది. 9,500 వాడిని, ఒక గిరకను తెచ్చుకుని ఉంటే దగ్గరున్న చెట్టుతోనే బయటపడేవాణ్ని. అది ఎవరూ స్టిక్కర్ మీద వేయరు, గిరకకు సున్నాలు ఉండవు కదా.

గిరక ఆర్డర్ పెట్టాను, వస్తున్నది. మీ విషయానికొస్తే, బావ వడ్ల బస్తాల మీద నంబర్లు వేసే నల్ల మార్కర్ తీసుకుని మీ స్టిక్కర్ మీద పనిచేశాడు. ఇప్పుడు గ్రిల్ సందులోంచి మీ సున్నాలు కనిపించవు. "54, తరుగు పోను 32" అని కనిపిస్తుంది.

ఇట్లు,
మీ ఓనరు,
నల్లగొండ

తా.క.: ఆదివారం నీరా తాగడానికి తాత రమ్మన్నాడు. జీపు కాలువ కట్ట మీదే పెట్టి నడిచి రమ్మన్నాడు.