సముద్రపు గాలితో చేసే హైడ్రోజన్ ముందు ఎవరికి ఇవ్వాలి

సముద్రంలో గాలిమరలు నిలబెట్టి ఆ కరెంటుతో హైడ్రోజన్ తయారుచేద్దాం అనే ఆలోచనని మేము గట్టిగానే సమర్థిస్తున్నాం. కానీ ప్రభుత్వాలు, కంపెనీలు గిగావాట్ల టార్గెట్లు ప్రకటించుకుంటూ పోతున్నాయే తప్ప ఆ గ్యాస్ ఎవరికి పోతుంది, ఎవరు కొంటారు అనే ప్రశ్నకి చాలాచోట్ల సరైన జవాబు లేదు, మా భయమంతా అక్కడే. మా మాట సూటిగా చెప్తాం: ఈ హైడ్రోజన్ ముందు ఎరువుల ఫ్యాక్టరీలకి, రిఫైనరీలకి, ఉక్కు ప్లాంట్లకి వెళ్ళాలి. ఇళ్ళు వెచ్చబెట్టుకోడానికో, కార్లు నడపడానికో ఇస్తామంటే దానికి ప్రజల డబ్బు పెట్టొద్దు.

హైడ్రోజన్ అంటే ఎప్పుడో భవిష్యత్తులో వచ్చే ఇంధనం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నిజానికి 2023లోనే ప్రపంచం మొత్తం దాదాపు 9.7 కోట్ల టన్నులు వాడేసింది. రిఫైనరీల్లో ముడిచమురు నుంచి గంధకం తీసేయడానికి, ఎరువులకి మూలమైన అమ్మోనియా చేయడానికి, మిథనాల్ అనే రసాయనానికి ఇది కావాలి. ఇదంతా దాదాపుగా సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తీస్తున్నదే. గ్యాస్ నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, బొగ్గుతో అయితే దానికి రెట్టింపు, మొత్తం కలిపితే ఏడాదికి 90 కోట్ల టన్నులు దాటుతోంది. కాలుష్యం తక్కువగా ఉండే పద్ధతుల్లో తయారయ్యేది ఇందులో ఒక శాతం కూడా లేదు. అంటే కొత్త వాడకాలు వెతుక్కోవాల్సిన అవసరమే లేదు, ఇప్పుడున్న వాడకాన్ని శుభ్రం చేయడమే కొన్ని దశాబ్దాల పని.

ఎంత పని అనేది లెక్క వేస్తేనే తెలుస్తుంది. కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రాలని ఎలక్ట్రోలైజర్లు అంటారు, ఇప్పుడున్న వాటికి ఒక కిలో హైడ్రోజన్ చేయాలంటే 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ లెక్కన 9.7 కోట్ల టన్నులకి సుమారు 5 లక్షల కోట్ల యూనిట్లు అవుతుంది, అంటే అమెరికా దేశం మొత్తం ఏడాదిలో ఉత్పత్తి చేసే కరెంటు కంటే ఎక్కువ. 2023 చివరికి ప్రపంచ సముద్రాలన్నిట్లో కలిపి ఉన్న గాలిమరల సామర్థ్యం 75 గిగావాట్ల దగ్గర్లో ఉంది, వాటి కరెంటు మొత్తం ఒక్క బల్బుకి కూడా ఇవ్వకుండా హైడ్రోజన్‌కే పోసినా ఏడాదికి 50 లక్షల టన్నులు దాటడం కష్టం. అంటే ఇప్పటి అవసరంలో ఇరవయ్యో వంతు. ఇంత కొరతగా ఉన్న సరుకుని పొయ్యిలో మండిస్తామనడం మాకు ఏ రకంగానూ సబబుగా కనిపించడం లేదు.

పైగా కరెంటుని హైడ్రోజన్‌గా మార్చి దాన్ని మళ్ళీ కరెంటుగా మారిస్తే చేతికొచ్చేది మూడో వంతు చుట్టుపక్కలే. ఇంటిని వెచ్చబెట్టే విషయంలో తేడా ఇంకా ఎక్కువ, బయటి వేడిని లాగి ఇంట్లోకి పంపే హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, అదే యూనిట్‌ని హైడ్రోజన్ చేసి బాయిలర్‌లో మండిస్తే ముప్పావు యూనిట్ కూడా రాదు. కార్లదీ ఇదే కథ, బ్యాటరీ ఆ పని ఎప్పుడో చేసి చూపించింది. కాబట్టి గ్రిడ్‌కి నేరుగా ఇవ్వగలిగిన కరెంటు గ్రిడ్‌కే ఇవ్వాలి, గ్రిడ్ తీసుకోలేని గాలి, తీరానికి మరీ దూరంగా ఉన్న గాలి, అవీ హైడ్రోజన్‌కి. కరెంటుతో నేరుగా జరగని పనులు కొన్ని ఉన్నాయి, ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్ తీసేయడం అలాంటిది. అక్కడ ఇప్పుడు బొగ్గు చేస్తున్న పని హైడ్రోజన్ చేయగలదు, స్వీడన్‌లోని లూలియోలో 2021లో ఇలా స్పాంజ్ ఐరన్, అంటే ఉక్కుకి ముడిసరుకైన ఇనుము, చేసి చూపించారు కూడా. టన్ను ఉక్కుకి 50 కిలోల పైచిలుకు హైడ్రోజన్ చాలు, బొగ్గుతో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో అయితే టన్నుకి రెండు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎరువులకైతే టన్ను అమ్మోనియాకి 178 కిలోల హైడ్రోజన్ కావాలి, దీనికి ప్రత్యామ్నాయమే లేదు, అది హైడ్రోజన్ లేకుండా తయారయ్యే వస్తువు కాదు.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఆలోచన అనుకోవద్దు. డెన్మార్క్‌లోని ఆస్కోవ్‌లో పౌల్ లా కూర్ అనే ఫిజిక్స్ మాస్టారు 1891లో గాలిమర కట్టి, గాలి లేని రోజు ఏం చేయాలి అన్న చిక్కుతో కుస్తీ పట్టి, ఆ కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ దాచిపెట్టారు, ఆ గ్యాస్ దీపాలతోనే 1895 నుంచి 1902 దాకా తను పాఠాలు చెప్పిన స్కూల్లో వెలుగు నింపారు. నార్వేలో అయితే 1920ల చివర్లోనే జలవిద్యుత్తుతో పెద్ద ఎత్తున హైడ్రోజన్ తీసి ఎరువులు చేశారు, తర్వాత సహజవాయువు చవగ్గా దొరకడంతో ఆ దారి మూతబడింది. టెక్నాలజీ లేక ఆగిన పని కాదిది, ధర దగ్గర ఆగిన పని.

ఇప్పుడు సముద్రంలోనే ఎలక్ట్రోలైజర్ పెట్టాలా, కరెంటు ఒడ్డుకి తెచ్చి అక్కడ చేయాలా అన్నది పెద్ద చర్చ. ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో లె క్రోయిజిక్ దగ్గర, ఒడ్డుకి 20 కిలోమీటర్ల దూరంలో, సీల్‌హైఫ్ అనే తేలే ప్లాట్‌ఫామ్ మీద 2023లో ఈ ప్రయోగం జరిగింది. అక్కడున్నది 1 మెగావాట్ ఎలక్ట్రోలైజర్, రోజుకి 400 కిలోల దాకా చేయగలది. చిన్నదే, కానీ అక్కడి కష్టాలు చిన్నవి కాదు. సముద్రపు నీళ్ళు నేరుగా పోస్తే ఆక్సిజన్ రావాల్సిన ఎలక్ట్రోడ్ దగ్గర క్లోరిన్ కూడా పుట్టి మొత్తం తినేస్తుంది, అందుకని ముందు ఉప్పు తీసేసి, మళ్ళీ ఇంకా శుద్ధి చేసి లోపలికి పంపాలి. దీనికయ్యే కరెంటు గురించి భయపడక్కర్లేదు, వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్లు, ఒక కిలో హైడ్రోజన్‌గా విడిపోయేది 9 లీటర్ల నీళ్ళే. అసలు బాధ వేరే. ప్లాట్‌ఫామ్ ఊగుతూనే ఉంటుంది, ఉప్పుగాలి ప్రతి నట్టుకీ బోల్టుకీ తుప్పు పట్టిస్తుంది, గాలి పెరిగి తగ్గినప్పుడల్లా స్టాక్ (ఎలక్ట్రోలైజర్‌లో నీళ్ళని విడగొట్టే అసలు భాగం) మీద లోడ్ మారుతుంది, చిన్న వాల్వ్ పోయినా అలలు తగ్గేదాకా మెకానిక్ పడవ దగ్గరికి రాలేదు. ఇలా ఊగిసలాడే లోడ్‌ని బాగా తట్టుకునే రకం ఎలక్ట్రోలైజర్లలో ఇరిడియం వాడాలి, ప్రపంచమంతా కలిపి ఏడాదికి ఆ లోహం తీసేది పది టన్నుల లోపే.

అయినా సముద్రంలో చేయడానికి ఒక బలమైన కారణం ఉంది, అది పైపు. ఉత్తర సముద్రంలో ఇప్పుడు వేస్తున్న పెద్ద హైవోల్టేజ్ డీసీ కేబుల్ ఒకటి 2 గిగావాట్లు మోస్తుంది, ఒక పెద్ద పైప్‌లైన్ పది గిగావాట్లకి పైగా శక్తిని గ్యాస్ రూపంలో మోయగలదు, పైగా పైపులోనే కొంత నిల్వ కూడా ఉంటుంది. తీరం నుంచి వంద, రెండొందల కిలోమీటర్లు దాటాక ఈ తేడా పెరుగుతూ పోతుంది. నిల్వకి ఉప్పు గుహలు కూడా నమ్మదగినవే, ఇంగ్లండ్‌లోని టీసైడ్‌లో 1972 నుంచి భూమి లోపలి ఉప్పు పొరల్లో హైడ్రోజన్ దాస్తున్నారు. అందుకే దూరపు సముద్రాలకి ఈ పద్ధతి మీద పరిశోధన ఆపొద్దంటాం, దగ్గరి తీరాల్లో మాత్రం కరెంటు ఒడ్డుకి తెచ్చి ఫ్యాక్టరీ పక్కనే ఎలక్ట్రోలైజర్ పెట్టడం మేలు, రిపేరు వస్తే మనిషి నడిచి వెళ్ళి చూడగలడు.

లీకుల సంగతి చాలామంది పట్టించుకోరు. గాల్లోకి పోయిన హైడ్రోజన్, భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ ఆయుష్షుని పెంచుతుంది, ఆ పరోక్ష ప్రభావాలన్నీ లెక్కేస్తే వందేళ్ళలో అది భూమిని వేడెక్కించడం అదే బరువు కార్బన్ డయాక్సైడ్‌కి పదకొండు రెట్ల పైనే అని సైంటిస్టుల అంచనా. లీకులు కొలవని ప్లాంటుకి గ్రీన్ అని ముద్ర వేయకూడదు.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక మంచి రూల్ పెట్టింది, హైడ్రోజన్ గ్రీన్ అనిపించుకోవాలంటే దానికి వాడే కరెంటు, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తగా కట్టిన పునరుత్పాదక ప్లాంటు నుంచే రావాలి, 2030 నుంచి ఆ ప్లాంటు కరెంటు చేసిన గంటలోనే దాన్ని వాడినట్టు గంట గంటకీ లెక్క సరిపోవాలి. కంపెనీలు దీన్ని వాయిదా వేయమని, సడలించమని ఒత్తిడి తెస్తున్నాయి. ఒప్పుకోవద్దని మేము కోరుతున్నాం, ఎందుకంటే గ్రిడ్‌లో ఉన్న గాలి కరెంటుని హైడ్రోజన్‌కి మళ్ళించి ఆ లోటుని బొగ్గుతో పూడిస్తే ఇప్పటికంటే అధ్వాన్నం అవుతుంది. ప్రకటించిన ప్రాజెక్టుల్లో నిజంగా పెట్టుబడి నిర్ణయం దాకా వచ్చినవి చాలా కొద్ది, మిగతావి ఎక్కువగా ఆగింది కొనేవాడు లేకే. కాబట్టి సబ్సిడీ ఇచ్చేముందు ఎరువుల కంపెనీతోనో ఉక్కు కంపెనీతోనో పది, పదిహేనేళ్ళ కొనుగోలు ఒప్పందం చూపించమనాలి. ప్రజల డబ్బుతో సముద్రంలో నడిచే ప్రతి పైలట్ ప్లాంటూ కిలోకి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి, స్టాక్ ఎన్ని గంటలు నడిచాక మార్చారు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆగిపోయింది, ఈ మూడు లెక్కలూ ఏటా బయటపెట్టాలి, బయటపెట్టని కంపెనీకి రెండో విడత డబ్బు ఇవ్వకూడదు.