అందరూ చూస్తున్నారని చూడనివాళ్లు

పక్కన ఎవరైనా చూస్తుంటే చాలామంది చేతికి ఎముక లేనట్టు ఇస్తారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కూడా ఇలాగే చేస్తారా అని అమెరికాలో కొందరు పరిశోధకులు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. సేవా సంస్థకు డబ్బు ఇస్తారో, తమ దగ్గరే ఉంచుకుంటారో తేల్చుకోమని వాళ్లకు చెప్పారు. ఒకసారి గదిలో ఎవరూ లేరు. ఇంకోసారి ఒక మనిషి కూర్చుని చూస్తున్నాడు. ఆటిజం లేనివాళ్లు ఆ మనిషి ఉన్నప్పుడు ఎక్కువ ఇచ్చారు. ఆటిజం ఉన్నవాళ్లు రెండుసార్లూ దాదాపు ఒకేలా ఇచ్చారు. మనిషి ఉన్న సంగతి వాళ్లు గమనించలేదేమో అనుకోవడానికి లేదు. ఏకాగ్రతను కొలిచే వేరే పనిలో, ఎవరైనా చూస్తుంటే వాళ్లు కూడా అందరిలాగే మెరుగ్గా చేశారు. అంటే చూస్తున్నారని తెలుసు. అంతమాత్రాన మంచి పేరు కోసం కాస్త ఎక్కువ ఇవ్వాలని అనిపించలేదు.

అందులో పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి దాన్ని పట్టుకుని మరీ పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు ఇదే విషయాన్ని తరచి చూసి, పేరు నిలబెట్టుకునే నేర్పు ఆటిజం ఉన్నవాళ్లకూ ఉందని, దాన్ని వాడాలన్న ఆసక్తే తక్కువని చెప్పారు. సెలబ్రిటీల విషయంలో ఆటిజం ఉన్నవాళ్ల తీరు అర్థం కావాలంటే చేతకాకపోవడానికీ పట్టించుకోకపోవడానికీ మధ్య ఉన్న ఈ తేడా ముఖ్యమని మా అభిప్రాయం. ఎందుకంటే ఈ తీరును లోకం రెండు విధాలుగా తప్పుబడుతోంది. స్టార్ ఎదురుగా వచ్చినా చలించకపోతే 'సామాజిక స్పృహ లేదు' అంటుంది. ఒక స్టార్ గురించి పగలూ రాత్రీ మాట్లాడితే 'పిచ్చి పట్టింది' అంటుంది. రెండూ లోపాలే అయినప్పుడు ఇక ఆ మనిషి ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు.

ముందు మొదటిది చూద్దాం. హాల్లోకి ఒక ప్రముఖుడు రాగానే గుంపు ఊగిపోవడానికి కారణం ఆయన ఒక్కడే కాదు. అందరూ అటే చూస్తున్నారని ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది, ఆ తెలివిడే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. పక్కవాడి కళ్లు ఎటు తిరుగుతున్నాయో క్షణక్షణం లెక్కగట్టే అలవాటు లేని మనిషికి ఆ ఊపు అందదు. ఆయనకు కనిపించేది మరో మనిషి, బోలెడంత చప్పుడు, కెమెరా ఫ్లాష్‌లు. ఆ మనిషి చేసిన పని తనకు నచ్చి ఉంటే దాని గురించి అడుగుతాడు. నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. నచ్చడం, నచ్చకపోవడం ఏమీ లేకపోతే టైమెంతయిందో చూసుకుంటాడు. దీన్ని పొగరు అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి ఇంత మర్యాద ఆ ప్రముఖుడికి ఆ రోజు మరెవరి నుంచీ దొరికి ఉండదు.

ముఖాల సంగతి ఇంకొకటి. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ముఖాలు గుర్తుపట్టడం కష్టం. హెయిర్‌స్టైల్ మారితే, కళ్లజోడు తీసేస్తే, రోజూ చూసే మనిషి కూడా కొత్తగా కనిపించవచ్చు. ఈ ఇబ్బంది ఉందో లేదో తేల్చడానికి పరిశోధకులు వాడే ఒక పద్ధతి ప్రముఖుల ఫొటోలు చూపించి పేర్లు అడగడం. జుట్టు, నగలు వంటి ఆధారాలు లేకుండా ఫొటోను కత్తిరించి చూపిస్తారు. ప్రపంచమంతా ఇట్టే గుర్తుపట్టే ముఖాన్ని ఒకరు గుర్తుపట్టలేదంటే దానికి నిర్లక్ష్యమే కారణం కానక్కర్లేదు. గొంతు వినగానే పేరు చెప్పేసేవాళ్లూ ఉన్నారు.

ఇక 'పిచ్చి' సంగతి. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరు అందరికంటే గట్టి అభిమానులు. ఇది పైన చెప్పినదానికి విరుద్ధంగా కనిపిస్తుంది కానీ కాదు. దృష్టి ఒకేసారి పది విషయాల మీదికి పోకుండా ఒకటి రెండింటి మీదే బలంగా నిలవడం ఆటిజం స్వభావమని డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో ప్రతిపాదించారు. వీరిలో మర్రే, లాసన్ స్వయంగా ఆటిస్టిక్ వ్యక్తులు. ఆ బలమైన దృష్టి రైళ్ల మీద పడితే రైళ్లు, ఒక గాయని మీద పడితే ఆ గాయని. ఏ పాట ఏ ఏడాది రికార్డయింది, వేదిక మీద పాడినప్పుడు ఏ చరణం వదిలేసింది, తొలి ఆల్బమ్‌లో డ్రమ్స్ ఎవరు వాయించారు, ఇవన్నీ నోటికొచ్చు. ఆమె ఎవరిని పెళ్లాడింది, ఎంత సంపాదించింది అని అడిగితే మాత్రం 'దానికీ పాటకీ ఏం సంబంధం?' అన్నట్టు చూస్తారు. అందరూ ఇలాగే ఉంటారని కాదు. ప్రేమించిన స్టార్ ఫొటోలతో గది నింపుకుని, కలల్లో కాపురం చేసేవాళ్లు ఆటిజం ఉన్నవాళ్లలోనూ ఉన్నారు, లేనివాళ్లలోనూ ఉన్నారు.

ఒక విషయం మాత్రం సూటిగా చెప్పాలి. ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా బయటపడడానికి ఈ అభిమానం కూడా ఒక కారణమవుతోంది. పన్నెండేళ్ల అబ్బాయి వాషింగ్ మెషిన్ మోడళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడితే ఇంట్లోవాళ్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. అదే వయసు అమ్మాయి ఒక పాప్ బృందం గురించి అంతసేపు మాట్లాడితే 'ఈ వయసులో మామూలే' అంటారు. విషయం మామూలుదే. తేడా అంతా లోతులో, తీరులో ఉంది. స్నేహితురాళ్లకు ఆ బృందం నలుగురిలో కబుర్లకు సాకు అయితే, ఈ అమ్మాయికి అదే లోకం. కబుర్లు వేరే దారి పట్టగానే ఆమె ఒంటరి అయిపోతుంది. పరీక్షించే నిపుణులు 'నీకేం ఇష్టం' అని అడిగి ఆపేస్తే ఇదంతా తప్పిపోతుంది. ఆ ఇష్టంతో రోజంతా ఏం చేస్తుందో, అది దూరమైతే ఏమవుతుందో అడగాలి.

తెర మీది మనిషితో అనుబంధం ఎందుకంత సుఖంగా ఉంటుందో కూడా ఆలోచించాలి. ప్రేక్షకులు తెర మీది వ్యక్తిని సొంత స్నేహితుడిలా భావిస్తారని డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే రాశారు. అది అందరికీ వర్తించే మాట. అయితే ఎదుటి మనిషి మొహంలో మారే భావాలను అప్పటికప్పుడు చదివి, అప్పటికప్పుడు జవాబివ్వడం అలసట కలిగించే పని అయినప్పుడు, వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసుకోగల మనిషి దొరకడం పెద్ద ఊరట. ఆ మనిషి నిన్న నవ్విన చోటే ఇవాళా నవ్వుతాడు. కొందరు ఇక్కడి నుంచే బతకడం నేర్చుకుంటారు కూడా. పలకరింపు ఎలా ఉండాలి, జోక్‌కు ముందు ఎంతసేపు ఆగాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి ఒక నటిని చూసి అద్దం ముందు సాధన చేసి, మర్నాడు ఆఫీసులో వాడతారు. తమ ఆటిజాన్ని నలుగురిలో దాచుకోవడానికి చేసే ఈ ప్రయత్నం ఎంత అలసట తెస్తుందో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు పరిశోధకులకు వివరంగా చెప్పారు. అలాంటి వాళ్లకు ఆ నటి మీద ఉన్నది అభిమానం ఒక్కటేనా, పాఠం చెప్పిన టీచర్ మీద ఉండే గౌరవం కూడానా అన్నది బయటివాళ్లు తేల్చలేరు.

ఇందులో ప్రమాదాలు లేవని మేము అనడం లేదు. స్టార్ పేరుతో నకిలీ ఖాతా తెరిచి డబ్బు గుంజే మోసగాళ్లకు, అన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మే మనిషి సులువుగా దొరుకుతాడు. 'మా అభిమానులంటే మాకు ప్రాణం, ఎప్పుడైనా రండి' అని వేదిక మీద అన్న మాటను నిజమైన ఆహ్వానం అనుకుని ఇంటి గేటు దాకా వెళ్లినవాడు నేరస్థుడిలా కనిపిస్తాడు. ఇక్కడ భయపెట్టడం వల్ల లాభం లేదు. ఏది మర్యాదకు అన్న మాట, ఏది నిజమైన పిలుపు, ఏ పని చేస్తే అవతలివాళ్లకు భయం వేస్తుంది అన్నవి డొంకతిరుగుడు లేకుండా ముందే చెప్పాలి. చెప్పిన నియమాన్ని వీళ్లలో చాలామంది మనకంటే నిక్కచ్చిగా పాటిస్తారు.

ఆటిజం ఉన్న మనిషే ప్రముఖుడైతే? హాలీవుడ్ నటి డారిల్ హానా తనకు చిన్నప్పుడే ఆటిజం ఉందని తేలిన సంగతి 2013లో బయటపెట్టారు. టాక్ షోలకు, తన సొంత సినిమాల ప్రీమియర్లకు కూడా వెళ్లకపోవడానికి భయమే కారణమని, గర్వం కాదని చెప్పారు. గాయని సూసన్ బాయిల్ 2009లో ఒక టీవీ పోటీతో రాత్రికి రాత్రే ప్రపంచానికి తెలిశారు. ఫైనల్ అయిన వెంటనే తీవ్ర అలసటతో క్లినిక్‌లో చేరాల్సి వచ్చింది. తనకు ఆస్పర్జర్ సిండ్రోమ్ (ఆటిజంలో ఒక రకానికి అప్పట్లో వాడిన పేరు) ఉందని తెలిసి ఊరట కలిగిందని 2013 చివర్లో ఆమె చెప్పారు. అంటే అంతటి వెలుగును మీద వేసిన నాటికి ఆమెకు ఏం కావాలో ఎవరికీ తెలియదు. స్వీడన్ వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్ దారి వేరు. 2018 డిసెంబరులో పోలండ్‌లో జరిగిన వాతావరణ సదస్సులో, జనాదరణ తనకు అక్కర్లేదని, వాతావరణ న్యాయం కావాలని ఆమె అన్నారు. మరుసటి ఏడాది నార్డిక్ కౌన్సిల్ పర్యావరణ అవార్డును, దానితోపాటు వచ్చే 3.5 లక్షల డేనిష్ క్రోనర్లను వద్దన్నారు. ఉద్యమానికి అవార్డులు అవసరం లేదన్నారు. అప్పుడు చాలామంది దాన్ని నటన అనుకున్నారు. 2011 నాటి ప్రయోగం చదివినవాళ్లకు అంత ఆశ్చర్యం కలగదు.

అలాగని వీళ్లందరికీ కీర్తి అంటే గిట్టదనడం కూడా తప్పే. 2021 మేలో ఎలాన్ మస్క్ ఒక ప్రసిద్ధ అమెరికన్ కామెడీ షోకు హోస్ట్‌గా వచ్చి, ఆస్పర్జర్ ఉండి ఆ షో నడిపిన తొలి వ్యక్తిని తానేనని, కనీసం ఒప్పుకున్నవాళ్లలో తొలివాడినని చెప్పుకున్నారు. అదే షో 1975లో మొదలైనప్పటి నటుల్లో ఒకరైన డాన్ ఐక్రాయిడ్ తనకు ఆస్పర్జర్ ఉందని అంతకు చాలా ఏళ్ల ముందే చెప్పేశారు. తొలి స్థానం మీద మోజు ఆటిజం ఉన్నంత మాత్రాన పోదు.

ప్రసిద్ధి తెచ్చే అసలు చిక్కు మరోచోట ఉంది. 1988లో వచ్చిన 'రెయిన్ మ్యాన్' సినిమాలోని ఆటిజం ఉన్న పాత్రకు ప్రేరణ కిమ్ పీక్ అనే అమెరికన్. ఆయన జ్ఞాపకశక్తి నిజంగా అద్భుతం. సినిమా తర్వాత తండ్రితో కలిసి ఊరూరా తిరిగి లెక్కలేనంత మందిని కలిశారు. కథా రచయిత బ్యారీ మారో తన ఆస్కార్ బొమ్మను ఆయనకే ఇచ్చేశారు. బిడియస్తుడైన పీక్‌కు ఆ తిరుగుళ్లు ధైర్యాన్నిచ్చాయని దగ్గరివాళ్లు చెప్పారు. బాగానే ఉంది. కానీ పీక్‌కు ఉన్నది ఆటిజం కాదని, మరో అరుదైన జన్యు పరిస్థితి కావచ్చని తర్వాత నిపుణులు అభిప్రాయపడ్డారు. లోకమంతా ఆటిజం అంటే ఏ ముఖాన్ని తలచుకుందో, ఆ ముఖానికే ఆటిజం లేకపోవచ్చు. ఈలోగా ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడినీ 'నీకేం మ్యాజిక్ వచ్చు?' అని అడగడం అలవాటైపోయింది.

ఐన్‌స్టీన్‌కు ఉండేది, న్యూటన్‌కు ఉండేది అని చెప్పే జాబితాలు కూడా ఆ కోవలోవే. పిల్లల తల్లిదండ్రులకు ధైర్యం చెప్పాలన్న మంచి ఉద్దేశంతోనే వాటిని పంచుతుంటారు. ఐన్‌స్టీన్ చనిపోయింది 1955లో. ఆయన్ని ఎవరూ పరీక్షించలేదు. స్వయంగా పరీక్షించని ప్రముఖుల మానసిక స్థితి గురించి వైద్యులు బహిరంగంగా తీర్పులు చెప్పకూడదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే నియమం పెట్టుకుంది. పత్రికలకు అలాంటి నియమం లేదు. ఉండాలని మేము కోరుతున్నాం. ప్రముఖులు తమ నోటితో చెప్పినదాన్నే వార్త చేయాలి. మాట్లాడే తీరును బట్టి, కళ్లలోకి చూడకపోవడాన్ని బట్టి ఊహాగానాలు రాయకూడదు. ఆ ఊహ చదివే ఆటిస్టిక్ పాఠకుడికి అర్థమయ్యేది ఒక్కటే: గొప్పవాడైతే ఈ తీరు మేధావి లక్షణం, తనలాంటి మామూలు మనిషికైతే జబ్బు.

శాస్త్రవేత్తల రాతల్లోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, చెడ్డ పనికి తోడ్పడి డబ్బు తీసుకునే అవకాశాన్ని ఆటిజం ఉన్నవాళ్లు ఎవరూ చూడనప్పుడు కూడా వద్దన్నారు. ఆటిజం లేనివాళ్లు చాటుగా ఉన్నప్పుడు కాస్త మెత్తబడ్డారు. పరిశోధకులు దీన్ని నైతిక నియమాల విషయంలో సడలింపు లేకపోవడంగా, తప్పు దారిలో వచ్చే లాభం గురించి అనవసరమైన ఆందోళనగా వర్ణించారు. ఆటిస్టిక్ వ్యక్తులు మండిపడ్డారు. మండిపడరా మరి!

ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానించగా 2008లో మొదలైంది. ఆ రోజు కార్యక్రమానికి ఒక స్టార్‌ను పిలవడం నిర్వాహకులకు అలవాటు. జనం వస్తారు, విరాళాలు వస్తాయి, వద్దనలేం. అయితే స్టార్ పక్కన ఫొటోకు నిలబడాల్సిన పిల్లలను ముందుగా ఎవరూ అడగరు. వచ్చేది ఎవరు, ఎంతసేపు ఉంటారు, చెయ్యి పట్టుకుంటారా, ఎంత చప్పుడు ఉంటుంది అన్నవి వారం ముందే చెప్పాలి. మాట్లాడలేని పిల్లలకు బొమ్మల కార్డులతో చెప్పవచ్చు. కావాలన్న పిల్లలే వేదిక ఎక్కాలి. వద్దన్నవాళ్లకు పక్క గదిలో తమ ఆట తాము ఆడుకునే వీలుండాలి. స్టార్‌తో ఏదైనా అడగాలనుకునే పిల్లవాడికి ఫొటోల హడావుడి లేకుండా ఐదు నిమిషాలు ఇవ్వాలి. ఆ సినిమాలో మూడో సీన్‌లో వెనకాల గోడ గడియారం ఎందుకు తప్పు టైమ్ చూపించిందని వాడు అడిగితే, స్టార్ కూడా కాస్త ఆలోచించి జవాబు చెప్పాలి.