మా రెండడుగుల స్థలం దానం చేసేసిన మొహమాటానికి

మొహమాటమా,

నీకేం, నువ్వు బాగానే ఉంటావు. మా ఇంట్లో నీకు ఒంట్లో బాగోలేని రోజంటూ ఎప్పుడుంది గనక. మొన్న సర్వేయరు వచ్చినప్పుడు కూడా నా పక్కనే నిలబడ్డావు. టేపు ఒక కొస నా చేతిలో, రెండో కొస పక్కింటాయన చేతిలో. దస్తావేజులో ఉన్న కొలత ప్రకారం లాక్కుంటూ పోతే ఆ టేపు తిన్నగా ఆయన బాత్‌రూమ్ కిటికీలోంచి లోపలికెళ్ళింది. సర్వేయరు కిటికీలో తల పెట్టి చూసి, "మీ హద్దు గీజరు అవతలుందండీ" అన్నాడు. ఆయన తొణకలేదు, బెణకలేదు. చెమటలు పట్టింది నాకు. "గీజరు పెట్టించారా, ఎన్ని లీటర్లదండీ?" అని నవ్వుతూ అడిగింది ఎవరు? నోరు నాదే, మాట మాత్రం నీది.

ఆ రెండడుగులూ ఒక్కరోజులో పోలేదని నీకూ తెలుసు. మొదట ఆయన అక్కడ స్కూటరు పెట్టాడు. వానకి తడుస్తోందని పట్టా కప్పాడు, పట్టా ఎగిరిపోతోందని కర్రలు పాతాడు, కర్రలు వంగుతున్నాయని ఇనప గొట్టాలు, గొట్టాలు ఎలాగూ ఉన్నాయి కదాని రేకులు, రేకులున్నాయి కదాని గోడ. ప్రతిసారీ నేను గొంతు సవరించుకుని బయటికి రావడం, నువ్వు వెనక నుంచి చొక్కా పట్టుకుని "పోనీలే, రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం" అనడం. గోడకి సిమెంటు కలపడానికి నీళ్ళు చాలకపోతే మా పంపు నుంచి గొట్టం వేసిచ్చింది కూడా మనమే కదా.

తర్వాత లాయరు దగ్గర కూర్చుంటే తెలిసింది, నువ్వు ఎంత ఖరీదైన అలవాటువో. మన దేశంలో దావాలు వెయ్యడానికి గడువులు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టం ఒకటుంది. అందులో 65వ ఆర్టికల్ ప్రకారం, అవతలివాడి స్వాధీనం నా హక్కుకి వ్యతిరేకంగా మారిన రోజు నుంచి 12 ఏళ్ళలోపు నేను దావా వెయ్యాలి. ప్రభుత్వానికైతే 30 ఏళ్ళు. గడువు దాటితే 27వ సెక్షన్ వచ్చి కూర్చుంటుంది. దావా వేసే హక్కు ఒక్కటే కాదు, స్థలం మీద హక్కే పోతుంది. దస్తావేజు బీరువాలోనే ఉంటుంది, చక్కగా, చెదలు పట్టకుండా.

పక్కింటాయనకీ అంత తేలికేం కాదులే. పన్నెండేళ్ళు ఉంటే చాలు స్థలం మనదే అని టీవీ ముందు కూర్చుని తీర్పులిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఊరికే ఉంటే సరిపోదు. బలవంతం ఉండకూడదు, దొంగచాటుగా ఉండకూడదు, ఒకరి అనుమతితో ఉండకూడదు. అద్దెకున్నవాడు, కాపలాకి పెట్టినవాడు ఎన్నేళ్ళున్నా ఆ హోదాలో ఉన్నంతకాలం యజమాని కాలేడు. ఏ తేదీ నుంచి ఎదురు తిరిగాడో చెప్పి నిరూపించుకోవాల్సింది కూడా ఆయనే. పైగా అసలు తమాషా ఏమిటంటే, ఈ వాదన ఎత్తుకోవాలంటే ఆయన కోర్టులో నిలబడి "అయ్యా, ఈ స్థలం నాది కాదు, వాళ్ళదే, వాళ్ళ కళ్ళెదుటే ఆక్రమించుకున్నాను, వాళ్ళు కిక్కురుమనలేదు, కాబట్టి ఇక నాదే" అనాలి. స్థలం ఎప్పుడూ నాదే అని ఒక నోటితో, ఆక్రమించి సంపాదించానని ఇంకో నోటితో అంటే కుదరదు. ఈ చట్టం హేతువుకి నిలవదని 2008లో సుప్రీంకోర్టే విసుక్కుంది. అదే కోర్టు 2019లో, ఇలా హక్కు పూర్తయినవాడు ప్రతివాదిగా కాచుకోవడమే కాదు, వాదిగా తనే దావా వెయ్యొచ్చు అంది. 2023లో చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ చూసి, మార్చక్కర్లేదని నివేదిక ఇచ్చింది. అంటే రేపు ఆయనే నా మీద కేసు పెట్టొచ్చు. నువ్వు అప్పుడు కూడా "కోర్టు దాకా ఎలా వెళ్తారండీ, మా బండిలో రండి" అంటావు.

నాకు ఒళ్ళు మండింది మాత్రం ఇంకోచోట. నోరు మూసుకుని ఊరుకున్నవాడి స్థలం పోతుంది. నోరు తెరిచి "వాడుకోండి, నాకు కావాల్సినప్పుడు ఖాళీ చెయ్యండి" అని ఒక కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకున్నవాడి స్థలం నిలుస్తుంది, ఎందుకంటే అనుమతితో ఉన్నవాడు వ్యతిరేకి కాదు. అంటే ఆ ఉదారమేదో పైకి చేసి ఉంటే సరిపోయేది! మంచివాడిననిపించుకోవాలనే కదా నీ తాపత్రయమంతా, ఆ మంచితనాన్ని కాగితం మీద పెట్టనివ్వలేదేం? కాగితం అడిగితే ఆయన ఏమనుకుంటాడోనని. అలాగని అనుమతి కూడా కళ్ళు మూసుకుని ఇచ్చేది కాదట. ఒకరి స్థలాన్ని ఇంకొకరు వాడుకునే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం, నా అనుమతిని నమ్ముకుని ఆయన సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కట్టేస్తే ఇక దాన్ని వెనక్కి తీసుకోలేను. స్కూటరుకి ఇవ్వాలి, గోడకి కాదు.

ఇటు పక్క పిన్నిగారి సంగతి వేరు. ఆవిడ మా పెరట్లోంచి వెనక సందులోకి నడిచి వెళ్తారు. ఒక్క అంగుళం తీసుకోలేదు, నడుస్తారంతే. కానీ హక్కుగా, బాహాటంగా, గొడవ లేకుండా, ఎడతెగకుండా 20 ఏళ్ళు నడిస్తే దారి హక్కు పుడుతుంది. స్థలం నాదే, నడక ఆవిడది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ వాళ్ళు తమ సొంత వీధి జనం పాలవకుండా ఏడాదికో రోజు మూసేసేవారట. నేనూ ఒక ఆదివారం గేటుకి తాళం వేద్దామనుకున్నాను. మన చట్టంలో అది పప్పులుడకని బేరం, అడ్డు పెట్టారని తెలిసీ అవతలివాళ్ళు ఏడాది పాటు ఊరుకుంటేనే అది అడ్డంకి కింద లెక్క. పిన్నిగారు ఏడాది కాదు కదా, పావుగంట ఊరుకోరు. ఆవిడకి నువ్వంటే ఎవరో కూడా తెలియదు, అదృష్టవంతురాలు. అయినా నిజం చెప్పాలంటే ఆవిడ నడకతో నాకు పేచీ లేదు, గేటు వెయ్యకుండా పోతారనే.

సరే, గోడ లేచి పదకొండేళ్ళ ఎనిమిది నెలలైంది. నోటీసు పంపి కూర్చుంటే గడియారం ఆగదు, దావా పడాలి అన్నాడు లాయరు. "వాళ్ళబ్బాయి పరీక్షలవగానే వేద్దామండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. "పోనీ ఒక పని చెయ్యండి. అది మీ స్థలమని ఆయన ఎక్కడైనా రాతలో ఒప్పుకుంటే మన పని చాలావరకు తేలికవుతుంది. ఏదో ఒక మాట మీద రాయించండి చాలు, మీరేం మాట్లాడకండి" అన్నాడు.

నమ్ముతావా, నేను ఏ మాటా కలపకుండానే నిన్న రాత్రి పక్కింటాయన వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "మాస్టారూ, వెనక మీ స్థలంలో ఉన్న మా బాత్‌రూమ్ గోడ చెమ్మెక్కుతోంది, రేపు మనిషిని పిలిపించి పని చేయించుకోనా?" మీ స్థలంలో అని. ఆయనంతట ఆయనే. రాతలో.

ఫోను పట్టుకుని నేను లాయరు నంబరు వెతుకుతున్నాను. ఈలోపు నువ్వు జవాబు కొట్టి పంపేశావు.

"అయ్యో, నన్ను అడగడమేంటండీ, అది మీదే అనుకోండి."

ఇట్లు,
ఇంకా నీ
ఇంటి యజమాని