మూడేళ్ల చేతికి నాలుగు పేజీల రాతా?

"మూడేళ్లకే రాత మొదలుపెట్టించండి. ఆటలాడించే బడికి ఫీజు దండగ. మన పెద్దలూ ఆ వయసులోనే అక్షరాభ్యాసం చేసేవారు. బడిలో ఏడ్చినా వెనక్కి చూడకుండా వచ్చేయండి, రెండ్రోజుల్లో అదే అలవాటవుతుంది." జూన్ వచ్చిందంటే చాలు, ఈ మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. ఏళ్లుగా చిన్నపిల్లల తరగతి చూస్తున్నదాన్ని, చదివిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

ముందు రాత సంగతి. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్లప్పుడు వాటిలో చాలావరకు ఇంకా గట్టిపడవు, మెత్తగానే ఉంటాయి. మా తరగతిలో ఒక బాబు పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని గుచ్చేవాడు. ఇంట్లో రోజూ నాలుగు పేజీలు రాయిస్తున్నారట. పేజీ సగానికి వచ్చేసరికి కాగితం చిరిగేది, వాడి కళ్లు నిండేవి. "కొన్నాళ్లు రాత ఆపేయండమ్మా" అని వాళ్లమ్మను బతిమాలాను. చపాతీ పిండితో ఉండలు చేయించాం, చింతగింజలు ఏరి సీసాలో వేయించాం, పూసలు గుచ్చించాం. బొటనవేలికీ చూపుడువేలికీ పట్టు వచ్చేది ఆ పనులతోనే. కొన్ని నెలలకు వాడంతట వాడే పలక మీద గుండ్రంగా సున్నా చుట్టి తెచ్చి చూపించాడు. పరీక్షల సంగతీ అంతే. 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక 3-6 ఏళ్ల పిల్లలకు అసలు పరీక్షలు తగవని స్పష్టంగా చెప్పింది.

అక్షరాభ్యాసం అంటారా, బాసర వెళ్లి చూడండి. ఒళ్లో బిడ్డ, ఎదురుగా బియ్యం, పెద్దల చేతిలో చిన్న చెయ్యి, రాసేది ఒకటి రెండు అక్షరాలు. దాన్ని చూపించి రోజూ హోంవర్క్ ఇవ్వడం ఆ వేడుకకే అన్యాయం.

ఆట దండగ కాదు. బొమ్మలకు అన్నం వడ్డిస్తూ "నీకు రెండు, నాకు రెండు" అనే పాప లెక్కా నేర్చుకుంటోంది, తన వంతు వచ్చేదాకా ఆగడమూ నేర్చుకుంటోంది. 3-4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలించాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఫీజు మాటకొస్తే, అంగన్‌వాడీల్లో గుడ్డు, పాలతో పాటు ఆటపాటల చదువూ ఉంది. అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్ 1975లో మొదలైనప్పటి నుంచీ ఆ చదువు అందులో భాగమే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ ఏడుపు మాట. రెండ్రోజులకు ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ కొందరు మూల కూర్చుని గుమ్మం వైపే చూస్తుంటారు, టిఫిన్ బాక్స్ ముట్టరు. దాన్ని అలవాటు అంటామా? గేటు దగ్గర వీడ్కోలును అరగంట సాగదీయమని నేనూ చెప్పను. మొదటి వారం గంటసేపే ఉంచండి, కాసేపు లోపల కూర్చోండి. చెప్పకుండా మాయమవ్వొద్దు. పిల్లలకు గడియారం తెలియదు కాబట్టి "అన్నం తిన్నాక వస్తా" అని చెప్పి, అప్పటికి తప్పకుండా రండి. ఒక పాప వాళ్లమ్మ పాత చున్నీ భుజాన వేసుకుని వచ్చేది. మేం తీయమనలేదు. దసరా సెలవులయ్యాక తనే దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చింది.