41వ అధ్యాయం చదవకుండా మిలోను పొగడకండి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ దళం మీద జోసెఫ్ హెల్లర్ రాసిన నవల ‘క్యాచ్-22’ను నిన్న సాయంత్రం మా బావగారు తిరిగి ఇచ్చేశారు. 25వ అధ్యాయం దగ్గర ఆపేశారట. “ఏం పుస్తకమమ్మా ఇది? చెప్పిందే చెబుతాడు, కథ అడుగు ముందుకు పడదు. ఆ మిలో మాత్రం భలేవాడు. పత్తికి చాక్లెట్ పూసి తినిపించబోయిన చోట కడుపుబ్బ నవ్వాను” అన్నారు. పెద్దవారు కాబట్టి ఎదురు చెప్పలేదు, కాఫీ ఇచ్చి పంపించాను. ఆయన వెళ్లినప్పటి నుంచీ మనసు కుదుటపడలేదు. ఆయనతో అనలేకపోయిన మాటలన్నీ ఇక్కడ అనేస్తున్నాను.

మిలో ఆ దళానికి భోజనాలు చూసే అధికారి, పక్కన సొంత వ్యాపార సంస్థ నడుపుతుంటాడు. ఆ పత్తిని ఎక్కడ తినిపించబోయాడు? అంత్యక్రియల దగ్గర! స్నోడెన్ అనే కుర్రవాణ్ని పూడ్చిపెడుతుంటే కథానాయకుడు యొస్సారియన్ ఒంటిమీద నూలుపోగు లేకుండా చెట్టెక్కి కూర్చుని చూస్తుంటాడు. ఈజిప్టు పత్తి పంటంతా కొనేసి అమ్ముకోలేక చిక్కుకుపోయిన మిలో అదే చెట్టెక్కి, రుచి చూడమని ఆ పత్తి ముక్కను అతని నోటికి అందిస్తాడు. కింద ఒక పిల్లవాడు మట్టిలో కలిసిపోతుంటే ఇతని గోడంతా తన వ్యాపారం మునిగిపోతోందని. అక్కడ నవ్వు రావడం తప్పు కాదు, హెల్లర్ నవ్వించాలనే రాశాడు. కానీ ఆ నవ్వు దగ్గరే పుస్తకం మూసేసి, రచయితకు కథ చెప్పడం రాదని తీర్పు ఇవ్వడం నేను సహించలేను.

స్నోడెన్ ఎలా చనిపోయాడో అప్పటికి పాఠకుడికి తెలియదు. ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ మీద బాంబులు వేయడానికి వెళ్లిన విమానంలో ఏదో జరిగిందని మొదటి అధ్యాయాల్లోనే తెలుస్తుంది. తర్వాత కొంచెం, ఇంకెక్కడో ఇంకాస్త. యొస్సారియన్ మనసు అక్కడికి వెళ్లబోయి భయంతో వెనక్కి వచ్చేస్తూ ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ కొత్తగా ఒక వివరం బయటపడుతుంది. కచేరీలో గాయకుడు పల్లవి ఎత్తుకుని ఒకే పంక్తిని సంగతి మీద సంగతి వేస్తూ పాడితే మన వాళ్లెవరూ “పాడిందే పాడుతున్నాడు” అని లేచి వెళ్లిపోరు కదా! ప్రతి సంగతికీ రాగం ఇంకొంచెం తెరుచుకుంటుందని మన చెవికి తెలుసు. ఆ చెవి నవల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూతపడుతుందో నాకు అర్థం కాదు.

మొత్తం 42 అధ్యాయాల పుస్తకంలో అసలు సంగతి పూర్తిగా బయటపడేది 41వ అధ్యాయంలో. విమానం వెనుక భాగంలో స్నోడెన్ తొడకు పెద్ద గాయమై పడి ఉంటాడు. యొస్సారియన్ ఎంతో జాగ్రత్తగా ఆ గాయానికి కట్టు కడతాడు. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ కోసం ప్రథమ చికిత్స పెట్టె తెరుస్తాడు. మార్ఫిన్ ఉండదు. దాని స్థానంలో, మా సంస్థకు మంచిదైతే దేశానికీ మంచిదే అన్న చీటీ ఉంటుంది. కింద మిలో సంతకం! కుర్రవాడు చలి, చలి అని మూలుగుతూనే ఉంటాడు. కట్టు కట్టింది అసలు గాయానికి కాదని, అసలుది కవచం లోపల దాగి ఉందని యొస్సారియన్‌కు అప్పుడు తెలుస్తుంది.

బావగారూ, మీరు కడుపుబ్బ నవ్విన ఆ చెట్టు కింద పూడ్చిపెట్టింది ఈ కుర్రవాణ్నే. అతని మార్ఫిన్ ఎత్తుకుపోయినవాడే అతని అంత్యక్రియల్లో పత్తి బేరం పెట్టాడు. ఈ రెండింటినీ కలపడానికి హెల్లర్ 17 అధ్యాయాలు ఆగాడు. మీరు ఆగలేదు.

ఇది కొత్త ఫిర్యాదేమీ కాదు. 1961లో నవల వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ పుస్తక అనుబంధంలో సమీక్షకుడు ఇందులో శిల్పం కరువైందని తీసిపారేశాడు. న్యూయార్కర్ పత్రికలోనైతే ఇది రాసినట్టు లేదు, కాగితం మీద అరిచినట్టు ఉందన్నారు. నవలాకారుడు నెల్సన్ ఆల్‌గ్రెన్ లాంటి కొద్దిమంది వెంటనే నెత్తిన పెట్టుకున్నారు. తర్వాతి ఏడాది పేపర్‌బ్యాక్ వచ్చాక, వియత్నాం యుద్ధానికి పిలుపు అందుకుంటున్న యువకులు దాన్ని చేతుల్లో పట్టుకుని తిరిగారు. పిచ్చివాడైతే విమానం ఎక్కనక్కర్లేదు, కానీ ఎక్కనని అడిగితే పిచ్చివాడు కాదు అనే ఆ ‘క్యాచ్-22’ నిబంధన వాళ్లకు తమాషాగా అనిపించలేదు. అలాంటి కాగితాలు వాళ్ల ఇళ్లకే వస్తున్నాయి మరి.

మిలో భలేవాడు అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను. నిజానికి నా కోపమంతా అక్కడే ఉంది, అది నిన్నటిది కాదు. కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో ఒక శిక్షణ తరగతి పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తెర మీద మిలో పేరు వేసి, వ్యాపార దక్షతకు ఇతనే ఆదర్శం అన్నాడు. మాల్టాలో గుడ్డు ఏడు సెంట్లకు కొని ఐదు సెంట్లకు అమ్మి కూడా లాభం చేసుకున్నాడట, ఎంత తెలివి! “ప్రతి ఒక్కరికీ వాటా ఉంది” అన్న మిలో మాటను మా చేత పైకి పలికించాడు కూడా. అందరూ చప్పట్లు. ఆ చప్పట్ల చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వాటాల సంస్థ ఏం చేసిందో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. జర్మన్లతో ఒప్పందం కుదుర్చుకుని మిలో తన సొంత శిబిరం మీదే బాంబులు వేయిస్తాడు. నిద్రపోతున్న తన వాళ్ల మీద! దేశమంతా మండిపడితే లెక్కల పుస్తకాలు తెరిచి వచ్చిన లాభం చూపిస్తాడు, ఆ లాభం చూసి అందరూ నోళ్లు మూసుకుంటారు. ఇటలీలోని ఒర్వియేటో వంతెనపై దాడి చేయడానికి అమెరికన్ల దగ్గర, దాన్ని కాపాడటానికి జర్మన్ల దగ్గర సొమ్ము తీసుకుంటాడు. యొస్సారియన్ డేరాలో ఉంటాడని పదే పదే వచ్చే చచ్చిపోయిన మనిషి, మన వాళ్లు “మళ్లీ అదే జోకు” అని విసుక్కునే ఆ మడ్, చనిపోయింది ఆ వంతెన మీద జరిగిన దాడిలోనే. ప్రాణం కాపాడాల్సిన తేలే జాకెట్ల లోంచి గ్యాస్ సిలిండర్లు తీసి మిలో అధికారులకు ఐస్‌క్రీం సోడాలు చేయిస్తాడు. సముద్రంలో పడ్డవాడు జాకెట్ లాగితే అది ఉబ్బదు.

నేను లేచి అడిగాను: “ఆ వాటా స్నోడెన్‌కు ఏ రూపంలో ముట్టిందండీ?” ఆయనకు స్నోడెన్ ఎవరో తెలియదు. సమయం లేదు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నా పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం నన్ను రసభంగం చేసినదానిలా చూశారు. పుస్తకం చదవకుండా చప్పట్లు కొట్టినవాళ్లకు తప్పు నాదిగా కనిపించింది!

ఈ నవల మీద నేను తలవంచి ఒప్పుకునే విమర్శ ఒకటి ఉంది. ఇందులో ఆడవాళ్లను మనుషులుగా చూసింది చాలా తక్కువ. నర్సులు, రోమ్‌లోని అమ్మాయిలు మగవాళ్ల కోరికకు అటూ ఇటూ తిరిగే నీడల్లా మిగిలిపోయారు. యొస్సారియన్ స్నేహితుడు నేట్లీ ప్రాణంగా ప్రేమించిన అమ్మాయికి చివరిదాకా పేరే లేదు. ఆ మాట అనండి, మీ పక్కన నిలబడతాను.

కానీ “సైనికులను అవమానించాడు” అంటే మాత్రం ఊరుకోను. ఈ మాట అనేవారిలో ఎక్కువమంది యూనిఫాం ముఖం కూడా చూడనివారు. హెల్లర్ 1944లో కోర్సికా నుంచి బి-25 బాంబర్ విమానంలో బాంబార్డియర్‌గా, అంటే గురి చూసి బాంబులు వదిలేవాడిగా, 60 దాడులకు వెళ్లివచ్చినవాడు. అవిన్యోన్ మీద ఎగిరినప్పుడు తన విమానంలో తుపాకీ దగ్గర ఉండే గన్నర్ కాలికి గాయమైతే తన చేతులతోనే కట్టు కట్టాడు. ఆ గన్నర్ బతికాడు, నవలలో స్నోడెన్ బతకలేదు. పాతికేళ్ల సందర్భంగా 1986లో అమెరికా వాయుసేన అకాడమీ ఈ నవల మీద సదస్సు పెట్టి ఆయన్ను పిలిపించుకుంది. విమానం నడిపేవాళ్లకు కలగని అవమానం సోఫాలో కూర్చున్నవాళ్లకు కలిగిందా? ఒహాయోలోని స్ట్రాంగ్స్‌విల్‌లో 1972లో స్కూలు బోర్డు ఈ పుస్తకాన్ని లైబ్రరీలోంచి తీయించింది. విద్యార్థులు కోర్టుకెక్కారు. 1976లో అప్పీలు కోర్టు అలా తీయించడం చెల్లదని చెప్పింది. హైస్కూలు పిల్లలు చదువుతామని పోరాడిన పుస్తకం ఇది.

ఇక ముగింపు గురించి. “చివరికి పారిపోయాడు, పిరికివాడు” అని ఎంత తేలిగ్గా అనేస్తారో! యొస్సారియన్ పై అధికారి కల్నల్ క్యాత్‌కార్ట్, ఇంటికి వెళ్లాలంటే పూర్తి చేయాల్సిన దాడుల సంఖ్యను పెంచుకుంటూ పోయి 80కి చేరుస్తాడు. యొస్సారియన్ 70 పూర్తి చేసి ఇక ఎగరనంటాడు. అప్పుడు క్యాత్‌కార్ట్, అతని కింది అధికారి కల్నల్ కోర్న్ కలిసి బేరం పెడతారు: నిన్ను వీరుడిగా ఇంటికి పంపిస్తాం, మా గురించి నాలుగు మంచి మాటలు చెప్పు, మమ్మల్ని ఇష్టపడు, చాలు. 40వ అధ్యాయంలో యొస్సారియన్ ఒప్పుకుంటాడు. 41లో స్నోడెన్ చావు మొత్తం గుర్తుకొస్తుంది. 42లో కుదరదంటాడు. ఒప్పుకోకపోతే సైనిక న్యాయస్థానం ముందు నిలబెడతారని తెలిసీ, తన దగ్గర ఏమీ లేకుండా, యుద్ధంలో లేని స్వీడన్ వైపు పరుగు తీస్తాడు. జర్మనీ ఓటమి ఇక నెలల్లో తేలిపోతుందని, ఇన్నాళ్లూ దేశం కోసమే ఎగిరానని చెప్పి మరీ వెళతాడు. అతన్ని పిరికివాడు అన్నవాళ్లను అడుగుతున్నాను: 70 సార్లు చావుకు ఎదురెళ్లినవాడు, స్నోడెన్‌ను చంపిన వ్యవస్థను పొగుడుతూ ఆ కల్నళ్ల పక్కన నవ్వుతూ ఫోటో దిగి, పతకం తగిలించుకుని ఇంటికి వెళ్లి ఉంటే మీరు మెచ్చుకునేవారా? సూటిగా జవాబు చెప్పండి.