మహారాజశ్రీ మీసం గారి సముఖానికి

పెనుకొండ నుంచి అద్దం ముందు కూర్చుని వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వే క్షేమంగా లేవని మొన్న ఆదివారం కటింగ్ షాపులో తెలిసి ఈ జాబు రాస్తున్నా. ‘గారు’ అన్నది కవరు మీదికే. ముప్పై ఏళ్ళుగా అద్దె కట్టకుండా నా ముక్కు కింద కాపురముంటున్నదానివి, లోపల మాత్రం నువ్వనే పిలుస్తా.

ఆ రోజు షాపులో నలుగురం ఉన్నాం. గోడ మీద టీవీలో ఎవరో ఎవరి మీదో అరుస్తున్నారు. మా చిన్నాయన పేపరు మడిచి తొడ మీద కొట్టుకుని తేల్చేశాడు: “ఢిల్లీకి కొత్త నాయకుడు రావల్ల. గట్టి మొగోడు రావల్ల. అప్పుడే మళ్ళా మొగోనికి మర్యాద.” అందరూ ఔనన్నారు. షాపాయన నా గడ్డం కింద కత్తి ఆనించి, “ఏమన్నా, నిజమే గదా?” అనడిగాడు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషికి ఎంత భిన్నాభిప్రాయం ఉంటుందో నాకూ అంతే ఉంది. కనురెప్పలతో ఔనన్నాను.

మీ జాతి పతనం ఎప్పుడు మొదలైందో చిన్నాయన దగ్గర తేదీతో సహా ఉంది. 2006 ఫిబ్రవరి 2. ఆ రోజు మన్మోహన్ సింగ్ మన అనంతపురం జిల్లా బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించాడు. అంతకు ముందు చేన్లో మగకూలి ఒక లెక్క, ఆడకూలి ఒక లెక్క. ఆ తేడా నీకు నూనె అన్నమాట. ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే కూలి పెట్టేసరికి, మా పిన్ని తన పేరున పాసుబుక్కు తెచ్చుకుని పప్పుల డబ్బా వెనక పెట్టుకుంది. ఇరవై ఏళ్ళయింది, చిన్నాయనకు ఆ డబ్బా మూత ఇంకా రాలేదు. జాతీయ నాయకుడు మగవాడి స్థాయిని మార్చగలడా అంటే, మార్చగలడు మరి! చిన్నాయన కోరుకున్న వైపుకు కాదు, అంతే.

ఇంతకూ ఆ కుర్చీలో ఇప్పటిదాకా ఎవరు కూర్చున్నారు? తాత్కాలికంగా కూర్చున్న గుల్జారీలాల్ నందాను పక్కన పెడితే ప్రధానులు 14 మంది. అందులో 13 మంది మగవాళ్ళే. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి ఆడవాళ్ళు 74. తక్కిన 469 మంది మన బంధువర్గమే. అంతమంది పట్టి లేపినా లేవని మర్యాద ఇంకొకాయన వస్తే లేస్తుందని నువ్వు నమ్ముతున్నావు. నీ ఆశకు నా జోహార్లు.

పైగా ఆ కుర్చీకి నువ్వంటే ఏమంత గిట్టినట్టు లేదు. నెహ్రూకు నువ్వు లేవు. శాస్త్రిగారికి లేవు. దేవెగౌడకు, వాజ్‌పేయికి లేవు. మన పీవీ నరసింహారావుకైతే మూతి ముడుచుకోవడమే తెలుసు, మెలేయడానికి అక్కడేమీ లేదు. కొందరి ముఖాల మీద కనబడ్డావు గానీ గడ్డం వేలు పట్టుకుని వచ్చావు. ఒంటరిగా నిలబడి గెలిచినట్టు నేను ఏ పటంలోనూ చూడలేదు.

ఒక్కసారి మాత్రం ఢిల్లీ నేరుగా మగవాడి మీద దృష్టి పెట్టింది. ఎమర్జెన్సీలో. 1976లో ఒక్క ఏడాదిలో 62 లక్షల మంది మగవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అప్పుడు కుర్చీలో ఉన్నది ఇందిరా గాంధీ. ఉత్తరాదిన జనం 1977లో ఆ కోపమంతా ఓటేసి తీర్చుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 ఆమెకే అప్పజెప్పింది. 1980లో మెదక్ నుంచి గెలిపించి మరీ ఢిల్లీకి పంపాం. ఇదంతా ఎందుకు ఎత్తానంటే, మీవాళ్ళు ఈ మధ్య జరుపుకుంటున్న అంతర్జాతీయ పురుషుల దినోత్సవం నవంబరు 19న వస్తుంది. అది ఇందిర పుట్టినరోజు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవంగా గుర్తించిందీ ఆ రోజునే. మూడింటికీ దండ వేయాల్సొస్తే మన దండ ఎన్నో వంతుకు వస్తుందో నువ్వే లెక్కేసుకో.

సరే, నువ్వు కోరుకునే నాయకుడు నిజంగానే వచ్చిన దేశం ఒకటుంది. ఎక్కడో కాదు, ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ పుణ్యమాని మన వీధిలోకే వచ్చిన దేశం. మా సందు చివర మేడ మీద అద్దెకుండే కొరియా ఇంజనీరును నువ్వు చూశావు కదా, నున్నటి మూతి. ఉగ్గాని బజ్జీ తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, మళ్ళీ ఇంకో ప్లేటు తెమ్మంటాడు. ఆయన కథ చెబుతుంటే నేను నిన్నే తలుచుకున్నా.

అక్కడి కుర్రాళ్ళకు నిజంగానే ఒక బాధ ఉంది. ఒంట్లో బాగున్న ప్రతి మగపిల్లాడూ ఏడాదిన్నర పట్టాళంలో చేయాల్సిందే. ఆడపిల్లలు అంతలోకి చదువో ఉద్యోగమో ముందుకు జరుపుకుంటారు. ఆ కడుపుమంట మీద చలి కాచుకోవడానికి దక్షిణ కొరియా అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డ యూన్ సుక్-యోల్ వచ్చాడు. 2022 జనవరిలో కొరియా లిపిలో ఏడంటే ఏడక్షరాల పోస్టు పెట్టాడు: స్త్రీలు, కుటుంబ వ్యవహారాల శాఖ రద్దు. అంతే, ఇంకో ముక్క లేదు. మార్చిలో నూటికి ముప్పాతిక ఓటు కూడా లేని తేడాతో గెలిచాడు. ఇరవైల్లో ఉన్న మగపిల్లల్లో నూటికి 59 మంది దాకా ఆయనకేశారని, అదే ఈడు ఆడపిల్లల్లో 58 మంది ఎదుటాయనకేశారని పోలింగు రోజు సర్వేలు చెప్పాయి. ఒకే ఇంట్లో అన్న ఒక దిక్కు, చెల్లెలు ఒక దిక్కు. కంచాలు ఎవరు కడిగారో సర్వేలో రాయలేదు.

గెలిచాక ఏం జరిగింది? ప్రతిపక్షానికి మెజారిటీ ఉన్న సభలో ఆ రద్దు నెగ్గలేదు. మంత్రి దిగిపోతే కొత్త మంత్రిని వేయకుండా శాఖను ఎండబెట్టాడు. ఖాళీ కుర్చీతో కుర్రాళ్ళకు ఏం ఒరిగిందంటావా? పట్టాళంలో ఒక్కరోజు తగ్గలేదు. అసలు 21 నెలల పట్టాళాన్ని 18 నెలలకు దించింది ఆయనకు ముందున్న మూన్ జే-ఇన్ ప్రభుత్వం. ఆ మూన్ 2017లో నేను ఫెమినిస్టు అధ్యక్షుణ్ణవుతానని చెప్పుకుని ఓట్లడిగిన మనిషి! మగపిల్లాడికి మూడు నెలల ఆయుష్షు తిరిగిచ్చినవాణ్ణి తిట్టారు, ఏడక్షరాలిచ్చినవాణ్ణి భుజాన మోశారు. నువ్వు అక్కడ మొలవకపోతేనేం, నీ బుద్ధి మాత్రం మొలిచింది.

2024 డిసెంబరు 3 రాత్రి ఆ మొగోడు సైనిక పాలన ప్రకటించాడు. సైనికుల కళ్ళుగప్పి, గోడలు దూకి సభలోకి చేరిన సభ్యులు 190 మంది, ఒక్క ఓటూ ఎదురు లేకుండా దాన్ని కొట్టేశారు. తెల్లారేలోపే ఉత్తర్వు వెనక్కి పోయింది. ఆ తర్వాత చలిలో వీధుల్లో నిలబడ్డవాళ్ళలో పాటకచేరీల్లో ఊపే రంగు దీపాలు పట్టుకున్న ఆడపిల్లలు బాగా కనిపించారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానంలో ఎనిమిదిమంది జడ్జీలు ఒక్కమాటగా ఆయన్ని పదవి నుంచి దించి ఇంటికి పంపారు. రద్దు కావలసిన శాఖ ఇప్పటికీ ఉంది, అదే ఏడు అక్టోబరులో పేరు మార్చుకుని మరీ. కొత్త అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ మగపిల్లలకు ఎక్కడెక్కడ అన్యాయం జరుగుతోందో చూడమని ఒక పని పురమాయించాడు. ఎవరికనుకున్నావు? ఆ శాఖకే.

ఈ కథ షాపులో చెప్పాను. చిన్నాయన “కొరియా వాళ్ళకు మీసాల్లేవు గదరా, అందుకే” అన్నాడు. ఆ మాటకు జవాబు లేదు.

అట్లని మీవాళ్ళ గోడు అంతా ఉత్తిదే అనను. 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,64,033 మంది. అందులో మగవాళ్ళు 1,18,979. జాతీయ పురుషుల కమిషన్ వేయమని ఈ లెక్కలే పట్టుకుని ఒకాయన సుప్రీంకోర్టుకు పోతే 2023లో కోర్టు వినడానికి ఒప్పుకోలేదు. వరకట్నం కేసు పెట్టగానే విచారణ లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో ఆదేశమిచ్చింది కూడా కోర్టే. దానికి ఏ నాయకుడూ మీసం మెలేయలేదు.

కానీ ఆ లెక్కలో ఇంకో వరుస ఉంది చూశావా? ఆ ఏడు చనిపోయినవాళ్ళలో రోజుకూలీ చేసుకునేవాళ్ళే 42,004 మంది. కారణాల్లో అన్నిటికన్నా పైనున్నది ఇంటి సమస్యలు. వాళ్ళు పక్కింటాయనతోనైనా నోరు విప్పి ఉంటారా? ఆ నోటి గుమ్మం మీద కాపలా ఉన్నది ఎవరు?

పోయినేడు వేరుశనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చిన్నాయన ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగాడు. ప్రపంచ రాజకీయాలు మాట్లాడాడు. రెండుసార్లు ఏదో అనబోయి, నిన్ను పట్టుకుని మెలేశాడు (ఆయన మూతి మీదున్నది నీ అన్నే కదా). గడప దాటి చెప్పులేసుకుని మళ్ళీ నిలబడ్డాడు. “ఏం లేదులేరా” అని పోయాడు. మర్నాడు పిన్ని ఫోను చేసి ఇరవై వేలు సర్దమంది. ఒక నిమిషంలో అయిపోయిన మాట. ఆమె అడగడం ఆయనకు తెలియదు, నేనివ్వడం ఆయనకు తెలియదు. నీ మర్యాద కోసం ముగ్గురం ఇప్పటికీ నాటకమాడుతున్నాం.

మింగ మెతుకు లేకపోయినా నీకు సంపెంగ నూనె కావాలి. ఆ నూనె ఢిల్లీ నుంచి వస్తుందని ప్రతి ఐదేళ్ళకూ ఒకాయన సీసా చూపించి పోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని 2024 సర్కారు సర్వే. అదీ ఏదో ఒక పని చేసే మగవాళ్ళ లెక్క, అసలు చేయి పెట్టనివాళ్ళను కలపలేదు. ఈ ముక్క మా ఆవిడ చదివి వినిపించింది. “88 ఎవరబ్బా, నాకు చూపించు” అని ఇల్లంతా వెతికింది కూడా.

అందుకే నిన్న పప్పుకు తాలింపు నేను పెట్టాను. నూనె బాగా కాగిందో లేదో చూద్దామని వంగాను. ఆవాలు చిటపటమన్నాయి. నీ ఎడమ కొసకు ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, ఈ జాబు రాయడానికి అసలు కారణం అదే. మా ఆవిడ వసారాలోంచి, “ఏందో కమిలిన వాసన, కరివేపాకు మాడిందా?” అనడిగింది. ఔనని చెప్పాను.

కుడి కొసను కూడా అంతే పొడవుకు కత్తిరించమంటావా, లేక అది పెరిగేదాకా ఆగుదామా, తిరుగు టపాలో తెలియజేయగలవు.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు
(అద్దె బాకీ అట్లే ఉంది)