ఎనిమిది కేసులు

గృహప్రవేశానికి వారం ముందు, విజయవాడ భవానీపురంలో మా కొత్త అపార్ట్‌మెంటు లిఫ్టులో నిలబడి ఫోన్లో కాస్త గట్టిగానే అన్నాను: "ఎనిమిది కేసులు ఖాయం. అవసరమైతే ఇంకో రెండు పెడదాం."

పక్కనున్న పెద్దాయన కూరల సంచిని ఛాతీకి హత్తుకున్నారు. మూడో అంతస్తు దాటాక ఉండబట్టలేక, "ఎవరి మీద బాబూ?" అన్నారు. నీళ్ళ సీసాలండీ అని నేను చెప్పేలోపే, "మా తమ్ముడి కొడుకు లాయరే. ఫీజు దగ్గర పట్టుబట్టడు" అంటూ ఐదో అంతస్తులో దిగిపోయారు.

ఆయన్ని అని లాభం లేదు. కోర్టు కేసుకి మూలం లాటిన్‌లో 'పడటం' అనే మాట. సరుకు కేసు 'పెట్టె' అనే వేరే మాట నుంచి వచ్చింది. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. తమాషా ఏమిటంటే, నీళ్ళ కేసుకి ఇప్పుడు ఆ పెట్టె కూడా లేదు, బిగించి చుట్టిన ప్లాస్టిక్ కవరు తప్ప.

నా బుర్రలో కేసంటే 24. చిన్నప్పుడు కిళ్ళీకొట్టు ముందు ఉండే కూల్‌డ్రింకు కేసు గళ్ళు అలా అచ్చుపడిపోయాయి. ఎనిమిది కేసులంటే 192 సీసాలు, వచ్చేవాళ్ళు 190 మంది. ఇంత నికరమైన లెక్క జన్మలో వేయలేదు.

ముహూర్తం రోజు, బెజవాడ ఎండ పొద్దున్నే నెత్తికెక్కిన వేళ, ట్రాలీ ఆటో వచ్చింది. కేసులు ఎనిమిదే. విప్పితే ఒక్కోదాంట్లో 12. అన్నీ లీటరు సీసాలు.

వన్‌టౌన్ కొట్టాయనకి ఫోన్ చేశాను.

"మీరు సైజు చెప్పలేదు కదండీ. లీటరువైతే 12, అరలీటరువైతే 24. ఏదైనా కేసు కేసే. అయినా నీళ్ళేమన్నా తగ్గాయా? లెక్కేసుకోండి."

లెక్కేశాను. అటు చూసినా 96 లీటర్లే, ఇటు చూసినా 96 లీటర్లే. ఓడిపోయి ఫోన్ పెట్టేశాను.

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే మా బావగారు పులిహోర రుచి చూస్తూ, "మా దగ్గర టిక్కీ అంటే మిరప బస్తా. దాంట్లో ఎంతుందో కాటా చెప్పాలి, పేరు చెప్పదు. మీ చదువుకున్నోళ్ళే పేరుని నమ్ముతారు" అన్నారు. ఆ ముక్క వారం ముందు అనుంటే బాగుండేది.

చివరికి మా ఆవిడే తేల్చింది. విస్తరికో సీసా కాదు, రెండు విస్తళ్ళ మధ్య ఒకటి. మొగుడూపెళ్ళాలకి ఇబ్బంది లేదు. మాటల్లేని తోడికోడళ్ళిద్దరు మాత్రం పక్కపక్కనే పడి, మధ్యలో ఉన్న సీసాని ఎవరూ ముట్టుకోకుండా గోంగూర పచ్చడితో భోజనం ముగించారు. కళ్ళనీళ్ళు ఇద్దరికీ వచ్చాయి.

లిఫ్టు పెద్దాయన కూడా వచ్చారు. చెయ్యి కడుక్కుని, నన్ను పక్కకి లాగి, గొంతు తగ్గించి అడిగారు:

"కేసులేమయ్యాయి బాబూ?"

"రాజీ అయిపోయాయండీ. ఇద్దరికొకటి."